జెండా అంచున నల్లపోగు

మా ఇంటి గ్రిల్లు తలుపుకు పగటిపూట కూడా తాళం ఉంటుంది. సిద్దిపేటకు కాపురం వచ్చిన కొత్తలో ఇట్లా లేదు. ఇప్పుడేమో బ్యాంకు నుంచి అంటూ ఫోనులో నంబరు అడిగేవాళ్లు, బంగారం మెరుగు పెడతామని గడపదాకా వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. ఎవరు మనవాళ్లో ఎవరు కాదో తాళం తీసేదాకా తెలియదు, తీశాక తెలిసి లాభం లేదు. అందుకే మొన్న ఒక మధ్యాహ్నం నడివయసు మనిషి ఒకాయన సంచీ పట్టుకుని బయట నిలబడి "సుగుణక్కా" అని పిలిస్తే నేను లోపలి నుంచే చూశాను. "రాజేశం కొడుకును అక్కా, శ్రీనివాసును. షోలాపూర్ నుంచి వచ్చిన" అన్నాడు. మా బాపు తమ్ముడు, మా చిన్నబాపు పేరు రాజేశమే. ఆయన షోలాపూర్‌లో ఉన్నదీ నిజమే. కానీ పేర్లు కనుక్కుని రావడం ఈ రోజుల్లో ఎంత పని? మీ బాపమ్మ పేరేమిటని అడిగాను. బాలవ్వ అన్నాడు. ఆమెకు ఆరోవేలు ఏ చేతికి ఉండేదని అడిగాను. అతను కాస్త ఆలోచించి, "ఆరోవేలు ముచ్చట బాపు ఎన్నడు చెప్పలేదక్కా" అన్నాడు. తాళం తీశాను. మా బాపమ్మకు ఆరోవేలు లేదు. ఉందని చెప్పి ఉంటే వచ్చిన దారినే పంపేదాన్ని.

మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టి, బాపు పోయిండక్కా అన్నాడు. కర్మకాండ అంతా షోలాపూర్‌లోనే అయిపోయిందట. తండ్రి పుట్టిన ఊరు ఒకసారి చూడాలని దుబ్బాక వెళ్లి, మా పాత ఇల్లు ఉన్న చోట ఇంకెవరి మేడో చూసి, మా అడ్రసు కనుక్కుని ఇటు వచ్చాడు. చివరికి అడగాల్సింది అడిగేశాడు. తండ్రి బతికినన్ని రోజులు పుట్టిన ఊరికి మళ్లీ ఎందుకు పోలేదు? జాగ పంచాయితీ ఏమన్నా జరిగిందా? మా బాపు తమ్ముడిని మోసం చేశాడా? చివరి మాట నోటితో అనలేదు గానీ కండ్లతో అన్నాడు. పంచుకునేంత జాగ మాకు ఎన్నడూ లేదు తమ్మీ అని, నాకు తెలిసింది తెలిసినట్టు చెప్పాను. అప్పుడు తొందరగా చెప్పింది ఇక్కడ నిదానంగా రాస్తున్నాను. నేను నాలుగో తరగతితో బడి మానినదాన్ని. రాత తప్పితే మన్నించండి, జ్ఞాపకం మాత్రం తప్పదు.

దుబ్బాకలో మా ఇల్లంటే ముందుగా గుర్తొచ్చేది వాసన. పడుగుకు పట్టించే గంజి వాసన, తడి నూలు వాసన, వెనక వాకిట్లో రంగుల గోలెం దగ్గర ముక్కు మండించే వాసన. ముందరి గదిలో నేలలో గుంట, గుంటలో కాళ్లు పెట్టుకుని బాపు మగ్గం నేసేవాడు. ఆ టకటక ఆగితే ఇంట్లో ఎవరికో ఏదో అయిందని మాకు గుండె ఆగేది. రంగులు చిన్నబాపు పని. ఆయన మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది. పెళ్లిళ్లకు పోతే వడ్డించేవాళ్లు ఆ చేతులు చూసి విస్తరి కాస్త దూరం జరిపేవాళ్లు, ఆయన నవ్వుతూ ఇంకాస్త దగ్గరికి జరుపుకునేవాడు. బాపమ్మ రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టేది, పక్కన నేను. నన్ను కన్న అవ్వకు వంటా, నూలు ఆరబెట్టడం, అత్తతో మాటలు పడటం. ఈ మూడో పనే ఎక్కువ.

బాపమ్మకు లోకం మీద నమ్మకం లేదు. పాలు పోసే ఆమె ముందరే పాలలో వేలు ముంచి నేల మీద చుక్క వేసి చూసేది. నూనె సీసాకు బయట గోరుతో గీత పెట్టేది. మళ్లీ ఆ గీతను అవ్వ చెరిపి కింద ఇంకోటి పెట్టిందేమోనని అనుమానపడేది. బజారులో చీర చూస్తే కొసను నలిపి వాసన చూసేది. అన్నిటికంటే ఆమెకు భయం మనుషుల కంటి మీద. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుంది, నూలుగుడ్డ ఎంత అనేది. అందుకని మా మగ్గం మీద నుంచి దిగే ప్రతి గుడ్డకూ అంచు మూలన వేలెడంత నల్లపోగు ఒకటి ఉండేది. కొన్నవాళ్లకు కనబడదు. మాకు మాత్రం ఎక్కడుందో తెలుసు. పసిపాప బుగ్గ మీద కాటుక చుక్క ఎందుకో ఆ పోగూ అందుకే. దాన్ని దిష్టిపోగు అనేవాళ్లం. ఒక దొర ఇంటి పెళ్లి చీరకు ఆ పోగు మరిచిపోయినందుకే మా తాత మంచం పట్టి లేవలేదని బాపమ్మ నమ్మకం. కాదని ఎవరూ అనలేదు.

అరవై తొమ్మిదిలో బడికి కొత్తగా ఒక పెద్దసారు వచ్చాడు. మంచి మనిషే, కానీ గాలికి తలుపు కొట్టుకున్నా వెనక్కి తిరిగి చూసేవాడు. నేతగాళ్ల ఊళ్లో జెండాను పట్నం నుంచి కొనుక్కు రావడమేమిటి, ఈ జెండా పండుగకు మన ఊరి మగ్గం మీదే నేయిద్దామని ఆయనకు తోచింది. బాపును వెతుక్కుంటూ మా ఇంటికే వచ్చాడు. పెద్దసారు ఇంటికి రావడం మాకు గొప్ప. అవ్వ బొంత మడతపెట్టి వేసింది. బాపమ్మ మాత్రం రాట్నం ఆపకుండా ఆయన చెప్పుల వైపు చూసింది. రజాకార్ల కాలంలో జెండాగుడ్డ ఇంట్లో ఉందని వాసన తగిలితే చాలు, కుండలు పగలగొట్టి సోదా చేసిన రోజులు ఆమె చూసింది. జెండా అడుగుతూ ఇంటికి వచ్చినవాడు ఏ జెండా వాడైనా ఆమెకు ఒకటే.

పెద్దసారు ఒక కాగితం మీద బొమ్మ గీసి రంగులకు అర్థం చెప్పాడు. పైన కాషాయం, అది ధైర్యానికీ త్యాగానికీ. నడుమ తెలుపు, శాంతికీ సత్యానికీ. కింద ఆకుపచ్చ, పంటలకూ పచ్చదనానికీ. నడుమ నీలిరంగులో చక్రం, అది ధర్మానికి. బాపు బడిపిల్లవాడిలా తల ఊపుతూ విన్నాడు. బాపమ్మ ఊరుకోలేదు. కాషాయం ఇల్లు విడిచినోళ్ల రంగు కదా, దాన్ని అన్నిటికన్న పైన ఎందుకు పెట్టిన్రని అడిగింది. తెలుపు అసలు రంగే కాదంది. రంగెయ్యని నూలు తెలుపు, దానికి అర్థమేముంటది? పచ్చ ఒక్కటి ఆమెకు నచ్చింది, పెళ్లికూతురి గాజుల రంగని. చక్రం బొమ్మ దగ్గర ఆగి, "తిప్పే పిడి ఏది?" అంది. అది చెయ్యితో తిప్పే రాట్నం కాదమ్మా, దానంతట అదే తిరిగేది అన్నాడు సారు. "ఎవ్వలు తిప్పకుంట తిరిగే రాట్నం నేనైతే సూడలె సారూ" అని ఆమె తన రాట్నం ఒకసారి గట్టిగా తిప్పింది. సారు నవ్వాడు. పోయేముందు మాత్రం నవ్వు ఆపి బాపుతో ఒక మాట గట్టిగా చెప్పాడు. ఈ మూడు రంగులూ ఆ నీలం తప్ప ఇంకో రంగు దాని మీద పడకూడదు, చుక్క కూడా. బాపు మాట ఇచ్చాడు.

ఆ మాటకు వెనక భయం ఉంది. అప్పుడు సిద్దిపేటంతా ఉడుకుతుండేది. మన తెలంగాణ మనకే అని కాలేజీ పిల్లలు ఊరేగింపులు తీస్తున్నారు, బడులు మూతపడుతున్నాయి, నల్లజెండాలు పట్టుకుని నడుస్తున్నారు. దుకాణాలకు చీరలు వేయడానికి చిన్నబాపు సిద్దిపేట పోతుండేవాడు, ఒకసారి పోయినవాడు జేబుకు నల్లగుడ్డ పీలిక కుట్టుకుని తిరిగొచ్చాడు. ఇంకోసారి రాత్రయినా రాలేదు. పోలీసులు ఒక పూట కూర్చోబెట్టి, పేరూ ఊరూ రాసుకుని, మళ్లీ కనబడితే జైలుకే అని చెప్పి వదిలారు. అప్పటి నుంచి బాపు తమ్ముడి చొక్కాలు ఆరేసినప్పుడు జేబులు తడిమి చూసేవాడు.

జెండా నేయడంలో మా వాళ్లు మా వాళ్లే. ఇంకెవరైనా మూడు గుడ్డలు తెచ్చి కలిపి కుడతారు. బాపు దాన్ని చీర నేసినట్టు నేశాడు, ఒక పక్క కాషాయం పెద్ద అంచు, ఇంకో పక్క పచ్చ పెద్ద అంచు, నడుమ తెల్లటి ఒడలు. కాషాయం కుదరక చిన్నబాపు నూలును మళ్లీ మళ్లీ ముంచాడు. ఒకసారి ఇటుకపొడిలా, ఒకసారి మాగిన మామిడిపండులా వచ్చింది. కుదిరిన రోజు తడి నూలు భుజం మీద వేసుకుని వాకిట్లో గిరగిరా తిరిగాడు. గుడ్డ మగ్గం మీద నుంచి దిగింది. మూలన దిష్టిపోగు లేకుండా మా ఇంట్లో దిగిన గుడ్డ నాకు తెలిసి అదొక్కటే. అవ్వ కొసలు మడిచి కుట్టింది. చిన్నబాపు దాన్ని బడికి తీసుకుపోయి బొమ్మల సారుతో నీలి చక్రం వేయించి తెచ్చాడు. ఆరిన తర్వాత బాపమ్మ మంచం కింది పెట్టెలో, బాపు పెళ్లి ధోవతిలో చుట్టి పెట్టారు. అప్పగించే రోజు బాపు దాన్ని రెండు చేతుల మీద మోసుకుని పోయాడు.

జెండా పండుగకు ముందురోజు పెద్దసారు బాపును పిలిపించాడు. ఎవరూ లేని గదిలో తలుపు దగ్గరికి వేసి, గుడ్డ విప్పి పచ్చ అంచు చూపించాడు. అంచు వెంట, ఈ కొస నుంచి ఆ కొస దాకా, నల్లపోగు కుట్టి ఉంది. వేలెడు కాదు, గుడ్డ పొడుగునా. నీ ఇంట్లో ఎవరు చేశారో నువ్వే తేల్చు, రేపు జెండా ఎగరేసేలోగా చెప్పు, లేకపోతే పైవాళ్లకు తెలిసేముందు నేనే ఠాణాలో చెప్పాల్సి వస్తుంది అన్నాడట. తిట్టలేదు. ఎవరో తన ఉద్యోగం తీయించడానికి మా ఇంటిని వాడుకున్నారని కూడా ఆయన అనుమానం.

బాపు ఇంటికి వచ్చి మగ్గం ఎక్కలేదు. బాపమ్మ ఆ పొద్దు చుట్టాలింట్లో పెళ్లిపసుపు దంచడానికి పోయింది. ఆమెకు మాత్రం చెప్పొద్దు, అరిచి వాడంతా కూడేస్తుందని బాపు అవ్వతో అన్నాడు. ముందు అవ్వనే అడిగాడు, కొసలు కుట్టింది ఆమే కదా. అవ్వ ఏడ్చింది. ఆ తర్వాత అంతా ఒకరి చేతులు ఒకరు చూసుకుంటూ తిరిగాం. నేను కూడా నా వేళ్లు చూసుకున్నాను, నేనేమీ చేయకపోయినా. దీపాలు పెట్టే వేళకు చిన్నబాపు వచ్చాడు. కాళ్లు కడుక్కోనివ్వకుండానే బాపు ఎదురుగా నిలబడ్డాడు.

"నల్లపోగు నువ్వే పెట్టినవా?"

"ఏ నల్లపోగు?"

"నాతోని ఆటలాడకు రాజేశం. రేపు పొద్దుగాల నిన్ను పట్కపోతరు."

"నేను పెట్టలే అన్నా."

"నల్ల నూలు నీ చేతుల ఉంటది. జెండాను బడికి తీస్కపోయింది నువ్వు. జేబుకు పీలిక కుట్టుకున్నది నువ్వు."

చిన్నబాపు నా వైపు చూసి, మళ్లీ అన్న వైపు చూశాడు. ఆ చూపు చెప్పమంటే నాకు రాదు. ఎవరైనా కొట్టబోతే చేయి అడ్డం పెట్టుకుంటాం కదా, చేయి దించేసిన మనిషిలా ఉన్నాడు. బాపు అవ్వతో రొట్టెలు చేయించాడు. వాటిని తన కొత్త తువ్వాలలో తానే మూట కట్టాడు. షోలాపూర్‌లో మా మేనమామ వరుసాయన ఉన్నాడు, ఆయన దగ్గర ఉండమని చెప్పాడు. "పెట్టినవో పెట్టలేదో, ముందుగాల పో" అన్నాడు. తెల్లవారి మొదటి బస్సుకు తానే వెంట పోయి ఎక్కించి వచ్చాడు. బాపు తమ్ముడిని నమ్మలేదు, కానీ పోలీసుల చేతికి ఇవ్వడానికి ఆయనకు మనసొప్పలేదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎట్లా ఉంటాయని నేను అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు అనుకోను.

రాత్రి పొద్దుపోయి వచ్చి పడుకున్న బాపమ్మ పొద్దున లేచి చిన్నకొడుకు పక్క ఖాళీగా ఉందేమని అడిగింది. అవ్వ ఆపుకోలేక అంతా చెప్పేసింది. బాపమ్మ చాలాసేపు రాట్నం కట్టె పట్టుకుని నిలబడింది. తర్వాత ముఖం కడుక్కుని, కొంగు నిండుగా కప్పుకుని, నన్ను చేయి పట్టుకుని బడికి నడిచింది. మా వెనక బాపు, అవ్వా వచ్చారు. మైదానంలో పిల్లలు వరసల్లో నిలబడుతున్నారు, సున్నంతో ముగ్గు వేసి ఉంది. పెద్దసారు గది గడపలోనే నిలబడి ఆమె మొదలుపెట్టింది.

"నల్లపోగు నేను పెట్టిన సారూ. దిష్టికి. చీరెను నలుగురు సూస్తరు, వేలెడు పోగు సాలుతది. దీన్ని ఊరంత తలెత్తి సూస్తది. అందుకే పొడుగునా పెట్టిన."

సారు బాపు వైపు చూశాడు. బాపు నేల వైపు చూస్తున్నాడు. మరి నిన్ననే ఎందుకు చెప్పలేదమ్మా అని సారు అడిగాడు.

"నన్నెవ్వలడిగిన్రు? నా కోడల్ని అనుమానం పట్టిన్రు, నా కొడుకును అనుమానం పట్టిన్రు. నన్ను ఒక్కదాన్ని పట్టలే. ముసల్దైతె మనిషి గాదా?"

సారు కుర్చీలో కూర్చున్నాడు. ఆయనకు నమ్మకం కుదిరిందో, ఠాణాకు పోయే పని తప్పిందన్న ఊరట కలిగిందో చెప్పలేను. పోగు లాగి పీకేస్తే గుడ్డ చిరుగుతుంది, ఒక్కో కుట్టూ విప్పే టైము లేదు. కనబడకుండా అంచు ఇంకో మడత వేసి కుట్టమని అవ్వకు సూదీ దారం ఇప్పించాడు. అవ్వ అక్కడే నేల మీద కూర్చుని కుట్టింది. జెండా ఎగిరింది. పిల్లలందరూ తలెత్తారు. బాపు మాత్రం బడి గేటు వైపు, బస్సు వచ్చే దారి వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ బస్సు అప్పటికే సిద్దిపేట దాటి ఉంటుంది.

కొన్నాళ్లకు గొడవలు చల్లారాక బాపు షోలాపూర్ పోయాడు. తమ్ముడు బాగా చూసుకున్నాడట, కరెంటు మగ్గాలు చూపించాడట, కొత్త చొక్కా కొనిచ్చాడట. ఇంటికి రమ్మంటే మాత్రం, "ఈడ నన్నెవ్వలు ఏమి అడుగరన్నా, మంచిగున్నది" అన్నాడట. బాపు ఆ మాట ఇంటికి తెచ్చుకుని దానితోనే బతికాడు. ప్రతి జెండా పండుగకు మగ్గం ఆపేవాడు, పంచిపెట్టిన మిఠాయి ముట్టేవాడు కాదు. తోడబుట్టినవాడి మాట నమ్మని చేతులు నావి అని ఒకసారి తాగి ఏడ్చాడు. బాపమ్మ వింటూ కండెలు చుట్టుకుంది. అన్ని ఇళ్ల మీదా అనుమానపడే మనిషి, తన కొడుకును ఓదార్చడానికి ఒక మాట అనలేదు. అది ఆమె మొండితనం అనుకున్నాం.

ఇప్పుడు జెండాలు యంత్రం మీద అచ్చయి కట్టలుగా వస్తాయి. ఆటోల మీద, బండ్ల మీద, మేడల మీద ఎన్నో. ఏ ఇంట్లో ఎవరి చేయి పడిందని ఎవరూ అంచు మడిచి చూడరు. అప్పుడు ఒక పోగు కోసం ఒక ఇల్లు రెండైంది. అప్పటి అనుమానానికి పేరుండేది, ముఖం ఉండేది, ఎదురుగా నిలబడి నువ్వేనా అని అడిగేది. జవాబు నమ్మకపోయినా రొట్టెలు కట్టిచ్చేది. ఇప్పటిది గ్రిల్లు వెనక నిలబడి లేని ఆరోవేలు గురించి అడుగుతుంది. ఏది నయమో నాకు తెలియదు. శ్రీనివాసుకు ఇంతవరకే చెప్పి, మీ బాపు ఏ తప్పూ చేయలేదు, అందుకే మా బాపు చచ్చేదాకా కుమిలాడు, జాగ లేదు, పంచాయితీ లేదు అన్నాను.

శ్రీనివాసు చాయ్ గ్లాసు పక్కకు జరిపాడు. తర్వాత అన్నాడు.

"మా బాపు ఇట్ల చెప్పలేదక్కా. ప్రతి జెండా పండుగకు మమ్మల్ని ముంగట కూసోబెట్టుకుని చెప్పేటోడు. నల్లపోగు నేనే పెట్టిన, మా అవ్వ నన్ను కాపాడింది అనేటోడు."

ముందు ఇది నమ్మవద్దనుకున్నాను. అన్న నమ్మలేదని పిల్లలతో చెప్పుకునే కంటే, నేనే చేశానని చెప్పుకోవడం ఏ తండ్రికైనా గౌరవం. పరాయి ఊళ్లో ఉన్నవాడికి ఒక కథ కావాలి. అనుకుంటూనే ఉన్నాను, అంతలో బాపమ్మ కండ్లు గుర్తొచ్చాయి. ఆ నాటికే ఆమె చూపు ఆనక సూదిలో దారం ఎక్కించలేకపోయేది. బొంత కుట్టినా, రవిక చిరిగినా నన్నే పిలిచేది. జెండా పెట్టెలో ఉన్న రోజుల్లో నన్ను ఒక్కసారి కూడా పిలవలేదు. అవ్వ బడిలో నేల మీద కూర్చుని మడత వేస్తుంటే ఆ నల్లకుట్టు నేను దగ్గర నుంచి చూశాను. చీమలు వరసగా పోయినట్టు చిన్నచిన్నగా, ఒక్కటి వంకర లేకుండా ఉంది.

అదే నిజమైతే మా బాపు అనుమానం సరైనదే. అదే నిజమైతే బాపమ్మ చిన్నకొడుకు కోసం ఒక అబద్ధం ఆడి, దాన్ని దించుకోలేక, పెద్దకొడుకు చేయని తప్పుకు కుమిలిపోతుంటే చూస్తూ కండెలు చుట్టింది. ఇద్దరిలో ఒకరినే బతికించుకోగలిగింది. అడగడానికి ఇప్పుడు ఎవరున్నారు? బాపు లేడు, అవ్వ లేదు, బాపమ్మ ఎప్పుడో పోయింది, ఇప్పుడు చిన్నబాపు.

సాయంత్రం బస్సుకు లేస్తూ శ్రీనివాసు గ్రిల్లు దగ్గర ఆగాడు. "నిజం చెప్పక్కా, ఎవ్వలు పెట్టిన్రు?" అన్నాడు. సూది సంగతి నాలుక కొస దాకా వచ్చింది. "మీ బాపమ్మనే పెట్టింది తమ్మీ" అన్నాను. అతను నా ముఖంలోకి కాసేపు చూసి, సరే అని తల ఊపి, మెట్లు దిగి వెళ్లిపోయాడు. నమ్మలేదని నాకు తెలుసు.